ముందు బ్రేకులు, ఇంజిన్ సంగతి తరువాత

గుంటూరు మిత్రమా, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసింగ్ ట్రాక్‌కు మీ పోలో కారును తీసుకెళ్లే ముందు రీమ్యాప్ (ఇంజిన్ శక్తి పెరిగేలా దాని కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాలా, సైలెన్సర్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడు రెండూ వద్దు. దయచేసి ఆ డబ్బు బ్రేకులకు పెట్టండి.

ఊళ్లో బ్రేకు వేశాక డిస్కు చల్లబడటానికి సమయం దొరుకుతుంది. ట్రాక్ మీద ఆ వ్యవధి ఉండదు. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి మరిగే స్థాయి కొత్తలో కనీసం 230 డిగ్రీల సెల్సియస్. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరి, పెడల్ నేలకు అంటుకున్నా కారు ఆగదు. మన కృష్ణా తీరపు ఉక్కపోత మీకు తెలియనిది కాదు. అందుకే బయలుదేరే వారంలోనే ఆయిల్ పూర్తిగా మార్పించి, బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీయించండి. ఎక్కువ వేడికి తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు వేయించి, అవి డిస్కుకు సర్దుకున్నాకే ట్రాక్ ఎక్కండి.

ఆ తరువాత మంచి టైర్లు. కారు ఎత్తు మాత్రం తగ్గించకండి, అదే బండిలో మళ్లీ గుంటూరు స్పీడ్ బ్రేకర్లు దాటాలి. అన్నట్టు, పోటీలు, వేగ పరీక్షల్లో జరిగే నష్టానికి సాధారణ మోటారు బీమా వర్తించదు. మీ పాలసీ ఒకసారి చదవండి.