విమాన భాగాల సరఫరా సంస్థలో నాణ్యతా విభాగం: అది చిన్న పని కాదు

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలోనూ, ప్రయాణికుల విమానాలకూ సైనిక విమానాలకూ భాగాలు తయారుచేసి సరఫరా చేసే ఒక మధ్యతరహా సంస్థలోనూ ఆమెకు ఉద్యోగాలు వచ్చాయి. రెండోదే కావాలంటోంది. అక్కడ ఇస్తున్నది నాణ్యతా విభాగంలో పని. జీతం మొదటిదానికంటే తక్కువ. విమానాన్నే తయారుచేసే సంస్థ అయితే సరే అనుకునేవాణ్ని. బ్రాకెట్లూ బుష్‌లూ కొలుచుకుంటూ కూర్చునే పనిలో ఎదుగుదల ఏముంటుంది? సైనిక విమానాల పని ఆమెకు ముందుముందు అడ్డంకి అవుతుందా? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది చిన్న పని కాదని ముందుగా చెప్పాలి. విమాన భాగాల వ్యాపారంలో భాగాన్ని తయారుచేయడం సగం పని అయితే, అది సరిగ్గానే తయారైందని ఏళ్ల తర్వాత అడిగినవాళ్లకు కూడా చూపించగలగడం మిగతా సగం. ఆ రెండో సగం నాణ్యతా విభాగం చేతిలో ఉంటుంది. కాబట్టి చేరమనే నా సలహా. అయితే చేరే ముందు ఆ సంస్థ గురించి ఆమె స్వయంగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటికి తర్వాత వస్తాను.

విమానం మీద బోయింగ్ అనో ఎయిర్‌బస్ అనో పేరు కనిపించినా, ఆ సంస్థలు ప్రధానంగా విమానాన్ని రూపొందించి, ఎందరో తయారుచేసి పంపిన భాగాలను కూర్చి, అది ఎగరడానికి తగినదని ప్రభుత్వ నియంత్రణ సంస్థల ముందు నిరూపించే బాధ్యత వహిస్తాయి. రెక్కలు, ఇంజిన్లు, చక్రాల వ్యవస్థ వంటి పెద్ద సముదాయాలను వాటికి నేరుగా అందించేవాళ్లు ఒక అంచెలో ఉంటారు. ఆ సముదాయాలకు చిన్న భాగాలు చేసి ఇచ్చేవాళ్లు ఆ కింది అంచెలోనూ, లోహాన్ని, పోత పోసిన ముక్కలను, బోల్టులను ఇచ్చేవాళ్లు ఇంకా కింది అంచెల్లోనూ ఉంటారు. బోయింగ్ 737నే తీసుకోండి. ఆ విమానపు మొండెం, అంటే ప్రయాణికులు కూర్చునే గొట్టం లాంటి ప్రధాన భాగం, చాలా ఏళ్లు బోయింగ్ చేయలేదు. 2005లో బోయింగ్ అమ్మేసిన, అమెరికాలోని విచిటా కర్మాగారం స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అనే విడి సంస్థగా మారింది, అక్కడ తయారైన మొండేలు రైలు మీద రెంటన్ అనే ఊళ్లోని బోయింగ్ కూర్పు కర్మాగారానికి వెళుతూ వచ్చాయి.

ఆ రెండు ఊళ్ల మధ్య ఏం జరిగిందో తెలిస్తే మీ అమ్మాయి పని ఏమిటో మీకు బాగా అర్థమవుతుంది. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి 737 మాక్స్ 9 విమానం గాలిలో ఉండగా, కావాలంటే తలుపు పెట్టుకునేందుకు వదిలిన చోట మూతగా బిగించిన పలక ఊడి పడిపోయింది. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. దర్యాప్తులో తేలినదేమిటంటే, విచిటా నుంచి వచ్చిన మొండెంలో ఆ పలక పక్కన కొన్ని రివెట్లు సరిగా లేకపోవడంతో వాటిని బాగుచేయడానికి రెంటన్‌లో పలకను తెరిచారు, తిరిగి మూసినప్పుడు దాన్ని పట్టి ఉంచే నాలుగు బోల్టులు బిగించలేదు. ఆ పలకను తెరిచినట్టు చెప్పే కాగితం ఒక్కటి కూడా దొరకలేదు. ఆ కాగితం ఉండి ఉంటే, బోల్టులు మళ్లీ పెట్టారా లేదా అని ఒక తనిఖీదారు వెళ్లి చూసి సంతకం చేసి ఉండేవాడు. అదే ఏడాది బోయింగ్ స్పిరిట్‌ను తిరిగి కొనుగోలు చేయడానికి ఒప్పందం కుదుర్చుకుంది.

అందుకే ఈ వ్యాపారంలో కాగితం లేని భాగాన్ని భాగంగా లెక్కించరు. చేతిలో ఇమిడే ఒక అల్యూమినియం బ్రాకెట్‌ను తీసుకుందాం. దానితోపాటు హీట్ నంబరు, అంటే కొలిమిలో ఏ విడత కరిగించినప్పుడు వచ్చిన లోహమో తెలిపే సంఖ్య, వస్తుంది. ఆ లోహపు రసాయన కూర్పునూ బలాన్నీ తెలిపే మిల్ సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని ఏ యంత్రం మీద ఏ ప్రోగ్రాంతో కోశారో, ఎక్కడ అనొడైజింగ్ (లోహం పైన రక్షణ పొర ఏర్పరచే ప్రక్రియ) చేశారో, పగుళ్ల కోసం ఎవరు పరీక్షించారో తెలిపే పత్రాలు వస్తాయి. వీటన్నిటి పైన, మేము పంపినది డ్రాయింగ్‌కు అనుగుణంగానే ఉందని సంస్థ ఇచ్చే హామీ పత్రం ఉంటుంది. వీటిలో ఒకటి లేకపోయినా బ్రాకెట్ ఎంత నిగనిగలాడినా కొనేవాడు తిప్పి పంపుతాడు.

ఇదంతా అతి జాగ్రత్త అని మీకు అనిపించవచ్చు. 1989 జూలైలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి తోక దగ్గరి ఇంజిన్‌లోని ఫ్యాన్ డిస్కు, అంటే ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే చక్రం, పగిలిపోయి అమెరికాలోని సూ సిటీలో కూలింది. అందులో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ పగులుకు మూలం టైటానియం కరిగించినప్పుడే లోహంలో మిగిలిపోయిన ఒక చిన్న లోపం. అది దాదాపు 17 ఏళ్లు డిస్కులో దాగి ఉండి, మెల్లగా పగులుగా పెరిగింది. ఆ డిస్కు పుట్టుపూర్వోత్తరాలు వెతకబోయిన దర్యాప్తు అధికారులకు పాత రికార్డుల్లో అదే సీరియల్ నంబరుతో మరో డిస్కు కూడా కనిపించింది. ఒక లోహపు విడతలో లోపం బయటపడినప్పుడు అదే విడత నుంచి వచ్చిన మిగతా భాగాలు ఏ విమానాల్లో తిరుగుతున్నాయో వెంటనే చెప్పగలగాలంటే, హీట్ నంబరును పొరపాటు లేకుండా రాసిపెట్టిన ఒక మనిషి ఎక్కడో ఉండి ఉండాలి. ఆ మనిషి పనినే మీరు కొలుచుకుంటూ కూర్చోవడం అంటున్నారు.

ఇక రోజువారీ పని సంగతి. ఒక భాగాన్ని మొదటిసారి తయారుచేసినప్పుడు ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ చేస్తారు. డ్రాయింగ్ మీద ఉన్న ప్రతి కొలతకూ, ప్రతి గమనికకూ ఒక బెలూన్ (చిన్న గుండ్రం) గీసి సంఖ్య వేసి, ఆ సంఖ్యకు ఎదురుగా నిజంగా వచ్చిన విలువ రాస్తారు. ఒక మోస్తరు భాగానికే ఇవి వందల్లో ఉండవచ్చు. దీనికి ఏఎస్ 9102 అనే ప్రమాణం ఉంది. తయారీ రెండేళ్లు ఆగినా, చోటు మారినా, పద్ధతి మారినా మళ్లీ చేయాలి. కొలిచే గదిని 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. అర మీటరు పొడవున్న అల్యూమినియం ముక్క 5 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.06 మిల్లీమీటరు పెరుగుతుంది. అనుమతించే తేడా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు, యంత్రం మీది నుంచి వెచ్చగా దిగిన ముక్కను అప్పటికప్పుడే కొలిస్తే మంచిది చెడ్డదిగానూ, చెడ్డది మంచిదిగానూ కనిపిస్తుంది. అందువల్ల ముక్కను గంటల తరబడి ఆ గదిలో చల్లారనిచ్చి అప్పుడు కొలుస్తారు. కొలిచిన వ్యక్తి తన పేర ఇచ్చిన సంఖ్య గల ముద్ర వేస్తుంది. ఆ ముద్రను పక్కవాళ్లకు అరువివ్వకూడదు, పోతే వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. ఇరవైరెండేళ్ల వయసులో చేతికొచ్చే ఈ చిన్న ముద్ర బరువు ఎంతో మీ అమ్మాయికి మొదటి నెలలోనే తెలుస్తుంది.

కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఇలాంటి ఒక సంస్థలో నా సలహాతో చేరిన యువకుడు ఆరు నెలలకు నాకు ఫోన్ చేశాడు. నెలాఖరున సరుకు వెళ్లిపోవాలి, ఒక రంధ్రం హద్దు కంటే రవంత పెద్దదిగా వచ్చింది, మంచి విలువ వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొలవమని పైఅధికారి అంటున్నారు. ఏం చేయమంటారని అతను అడిగాడు. మొదట వచ్చిన విలువే రాయమని చెప్పాను. నిజానికి అతను అప్పటికే అలా రాసి, భాగం డ్రాయింగ్‌కు సరిపోలేదని తెలిపే నాన్‌కన్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి నాకు ఫోన్ చేశాడు. భాగాన్ని రూపొందించిన సంస్థ ఇంజనీర్లు ఆ రిపోర్టు చూసి, రంధ్రాన్ని ఇంకాస్త పెంచి బుష్ (రంధ్రంలో తొడిగే చిన్న గొట్టం) వేసి వాడుకోవచ్చని అనుమతి ఇచ్చారు. సరుకు వారం ఆలస్యంగా వెళ్లింది, ఆ వారమంతా అతనితో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఇలాంటి వారం ఏడాదికి రెండు మూడు సార్లు వస్తుంది. మీ అమ్మాయికి నలుగురిలో ఒంటరిగా నిలబడే ఓర్పు ఉందా, లేదా అన్నది మీరూ ఆమె కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. జీతం గురించిన చర్చకంటే అదే ముందు జరగాలని నా అభిప్రాయం.

సైనిక పని గురించిన మీ ప్రశ్నకు వస్తే, రెండు రకాల పని ఒకే కప్పు కింద జరగడం ఈ రంగంలో మామూలే. సముద్రాల మీద నిఘా వేసే పి-8 విమానం 737 మీద ఆధారపడినదే. గాలిలో ఇంధనం నింపే కేసీ-46 కూడా బోయింగ్ 767 నుంచి పుట్టింది. రెండు రకాల పనీ ఉండడం సంస్థకు ఒక దన్ను. 737 మాక్స్ విమానాలు 2019 మార్చిలో నేలకు పరిమితమై, 2020 జనవరిలో వాటి తయారీ ఆగిపోయినప్పుడు స్పిరిట్ సంస్థ ఒక్కసారిగా 2,800 మందిని తొలగించవలసి వచ్చింది. ఒకే విమానం మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. సైనిక విమానాల సంఖ్య తక్కువగా ఉన్నా వాటి ఆయుష్షు పొడుగు. బి-52 బాంబర్ మొదట ఎగిరింది 1952లో, చివరిది తయారైంది 1962లో. అవి ఇప్పటికీ సేవలో ఉన్నాయి, వాటికి విడిభాగాలు ఇప్పటికీ కావాలి.

అడ్డంకి మాట మాత్రం నిజమే. సైనిక సమాచారం మీద ఎగుమతి నియంత్రణ చట్టాలుంటాయి. డ్రాయింగ్‌ను ఈమెయిల్‌లో పరాయి దేశానికి పంపినా అది ఎగుమతి కిందికే వస్తుంది, అమెరికా నిబంధనల్లోనైతే ఒకే గదిలో ఉన్న విదేశీ పౌరుడికి చూపినా వస్తుంది. ఇవి ఎంత కఠినమైనవంటే, నేడు వేలాది ప్రయాణికుల విమానాలను నడిపిస్తున్న సీఎఫ్ఎం56 ఇంజిన్ కూడా మొదట్లోనే ఆగిపోయేది. దాని మూల భాగం బి-1 బాంబర్ కోసం చేసిన ఎఫ్101 ఇంజిన్ నుంచి వచ్చింది కాబట్టి, ఫ్రాన్స్‌తో కలిసి తయారుచేయడానికి 1972లో అమెరికా ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. 1973లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు పాంపిడూ కలిసినప్పుడు గాని ఆ చిక్కు వీడలేదు. మీ అమ్మాయి విషయంలో దీని అర్థం ఏమిటంటే, సైనిక పనిలో తాను చేసిన దాన్ని తర్వాతి ఇంటర్వ్యూలో వివరంగా చెప్పుకోలేదు, పై చదువుకు నమూనాగా చూపించలేదు, మరో దేశానికి వెళితే అక్కడి సైనిక విభాగాల్లో పౌరసత్వం కారణంగా చాలా తలుపులు మూసి ఉంటాయి. అందువల్ల మొదటి రెండు మూడేళ్లు ప్రయాణికుల విమానాల భాగాల మీద పనిచేసే అవకాశం అడగమనండి. ఇక యుద్ధ విమానానికి భాగం చేయడం తన మనసుకు సమ్మతమేనా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోవాలి, అదీ చేరకముందే.

జీతం మొదట్లో తక్కువగానే ఉంటుంది, ఎదుగుదల కూడా సాఫ్ట్‌వేర్‌లో కనిపించేంత వేగంగా ఉండదు. కానీ ఆకారంలో, కొలతల్లో ఎంత తేడాను అనుమతించాలో చెప్పే డ్రాయింగ్ గుర్తుల భాషను తడుముకోకుండా చదవగలిగి, విమాన రంగపు నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 వ్యవస్థను ఆడిట్ చేయగలిగి, హీట్ ట్రీట్‌మెంట్, అనొడైజింగ్, పగుళ్ల పరీక్ష వంటి ప్రత్యేక ప్రక్రియలకు అవసరమైన నాడ్‌క్యాప్ గుర్తింపు ఎలా పనిచేస్తుందో తెలిసిన ఇంజనీరును ఐదారేళ్ల తర్వాత పై అంచెల సంస్థలు వెతుక్కుంటాయి. కొనుగోలు సంస్థ తరఫున సరఫరాదారుల దగ్గరికి వెళ్లి పరిశీలించే సప్లయర్ క్వాలిటీ ఇంజనీరు ఉద్యోగం అలాంటిదే. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పే ఉద్యోగం కూడా అదే. అక్కడి నుంచి ప్రోగ్రాం నిర్వహణకూ కొనుగోలు విభాగానికీ దారులున్నాయి. భాగాన్ని పాడుచేయకుండా లోపాలు వెతికే అల్ట్రాసోనిక్, పెనెట్రెంట్ వంటి పరీక్షల్లో లెవెల్ 2, ఆ తర్వాత లెవెల్ 3 అర్హత సాధించేవాళ్లది మరో దారి. వీటితోపాటు, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయగలగడం ఆమె ఇప్పటి నుంచే సాధన చేయాలి. రిపోర్టు చదివే ఇంజనీరు వేల మైళ్ల దూరంలో ఉంటాడు, అతనికి ఆమె రాసిన మాటలు తప్ప మరేమీ కనిపించదు.

ఒప్పుకునే ముందు ఒక్కసారి కర్మాగారం చూపించమని అడగమనండి. నాణ్యతా విభాగం అధిపతి ఉత్పత్తి అధిపతి కింద పనిచేస్తారా, లేక నేరుగా సంస్థ యజమానికి జవాబుదారీగా ఉంటారా అని అడగాలి. ఉత్పత్తి కింద అయితే జాగ్రత్త పడాలి. అమ్మకాల్లో సగానికి మించి ఒకే విమానం మీద ఆధారపడి ఉందా అన్నదీ అడగవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, తిరస్కరించిన భాగాలను ఉంచే తాళం వేసిన జాలీ గది చూపించమనాలి. మంచి సంస్థలో ఆ గదిలోని ప్రతి ముక్కకూ ఎర్ర చీటీ, దాని మీద సంఖ్య, తేదీ ఉంటాయి. పనికిరాదని తేలినవాటిని ఎవరూ తిరిగి అమ్ముకోలేకుండా కోసి, వంచి పారేస్తారు. ఆ గదిని మొహమాటం లేకుండా చూపించి, ఫలానా ముక్క ఎందుకు పోయిందో వివరించే సంస్థ అయితే నిశ్చింతగా చేరవచ్చు. మా దగ్గర తిరస్కరించే భాగాలే ఉండవని ఎవరైనా చెబితే, ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికే వెళ్లమని నేను చెబుతాను.