నలభై దాటినాక నీరసమంటే టెస్టోస్టిరాన్ తగ్గినట్టేనా?

అన్నా, 42కే నీరసం, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకోవాల్నా అని అడిగినారు కదా, కొంచెం ఆగండి. టెస్టోస్టిరానంటే మగవాళ్లలో ఎక్కువుండే హార్మోను, అది కోరికలకే కాదు, కండకి, ఎముకకి, రక్తంలో ఎర్రకణాలకి, మూడ్‌కి కూడా కావాల, ఆడోళ్లలోనూ కొద్దిగా ఉంటుంది. వయసుతో ఏడాదికి సుమారు 1 శాతం తగ్గేది మామూలే. కడపలో నేను సాయంత్రం టెస్ట్ చేయిచ్చుకుంటే తక్కువొచ్చింది, భయపడి ఇంకోరోజు పొద్దున 8కి పరగడుపున రక్తమిస్తే 410, ఎందుకంటే ఇది పొద్దున ఎక్కువుండి సాయంత్రానికి దిగుతుంది, డెసిలీటరుకి 300 నానోగ్రాములు దాటితే మామూలే అంటారు డాక్టర్లు. పొట్ట, షుగర్, నిద్ర చాలకపోవడం కూడా దీన్ని దించుతాయి. జిమ్‌లో ఎవరో చెప్పినారని మాత్రం సూది వేయించుకోవద్దు, బయటినుంచి ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా చేసుకునేది తగ్గించేస్తుంది, వీర్యకణాలూ పడిపోతాయి, పిల్లలు కావాలనుకునేవాళ్లకి అదే పెద్ద దెబ్బ.