ఎముకల కదలిక కొలిచే సాఫ్ట్‌వేర్ రాయబోయే బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

జంతువుల ఎముకల కదలికను కొలిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాస్తానన్నావు. కోడ్ గురించి చెప్పేవాళ్లు మీ నిట్‌లోనే బోలెడుమంది. నేను పశువైద్య విద్యార్థులకు ఎముకలు, కీళ్లు చెప్పి రిటైరైనవాణ్ని, ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడి విసిగినవాణ్ని. వాడేవాడి వైపు నుంచి చెప్తా.

వీడియోలో కీళ్లను గుర్తుపట్టే ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టకు. దానికి 2018 నుంచే డీప్‌ల్యాబ్‌కట్ ఉంది. ఎముకలో అమర్చిన గుర్తులను ఎక్స్‌రే వీడియోలో వెంటాడటానికి ఎక్స్‌ఎంఏల్యాబ్ ఉంది. కండరాల బలాల లెక్కకు ఓపెన్‌సిమ్ ఉంది. మళ్లీ అవే రాస్తే ఎవరు వాడతారు? మొదటి రెండింటి నుంచి వచ్చే చుక్కలను, అంటే గుర్తుల స్థానాలను, ఎముక కదలికగా మార్చే భాగం తీసుకో.

అక్కడే అసలు తలనొప్పి. మోకీలు 40 డిగ్రీలు వంగిందంటే ఏ అక్షం చుట్టూ? సున్నా ఎక్కడ, అంటే ఏ భంగిమ నుంచి కొలిచావు? మూడు తిప్పుళ్లనూ ఏ వరుసలో లెక్కేశావు? వరుస మారితే అదే అడుగుకు అంకెలు మారిపోతాయి. మనిషి మోకాలికి గ్రూడ్, సంటే అనే పరిశోధకులు 1983లో ఒక పద్ధతి చెప్పారు, జంతువులకు కూడా దాన్ని సర్దుకుని వాడుతున్నారు. నీ ఫైల్‌లో ప్రతి కోణంతోపాటు అక్షం, వరుస, సున్నా భంగిమ ఉండి తీరాలి. యూజర్ అవి ఇవ్వకపోతే ప్రోగ్రామ్ ముందుకు పోవద్దు. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఇంకొకటి, కీలంటే తిరగడం ఒక్కటే అనుకోకు. బర్రెకు మెడ కింద జత్రుక ఎముక ఉండదు. మొండేన్ని ముందుకాళ్లకు కట్టి ఉంచేది కండరాలే. నడుస్తుంటే రెక్క ఎముక పక్కటెముకల మీద జారుతుంది. అందుకే తిప్పుళ్లు మూడు, జరుగుళ్లు మూడు, ఆరు అంకెలకూ చోటుంచు. చర్మం మీద స్టిక్కర్ అంటించి ఫోన్‌తో తీస్తే చర్మం కదలికే చేతికొస్తుంది, ఎముకది కాదు. ఈ తేడాను స్క్రీన్ మీదే కనిపించేలా రాయి, మాన్యువల్‌లో దాచకు.

మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది, చూశావు కదా. అలాంటి శిలాజాల్లో మృదులాస్థి మిగలదు కాబట్టి కీలు ఎంత వంగేదో ఒక్క అంకెలో చెప్పలేం. కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసుకునే వీలు పెడితే శిలాజాల వాళ్లకు కూడా పనికొస్తావు.

పరీక్ష కోసం బర్రె దాకా పోనక్కర లేదు. రెండు కట్టెముక్కలను తలుపు బందుతో కలిపి, కోణమానినితో 30, 60, 90 డిగ్రీలకు వంచి వీడియో తీయి. బందు తిరిగేది ఒకే అక్షం చుట్టూ. మిగతా రెండు కోణాలు ఊగుతున్నాయంటే నీ అక్షాలు వంకరగా ఉన్నట్టు. ఆ వీడియోలనూ జవాబులనూ కోడ్‌తోపాటే పెట్టు. మూడు తిప్పుళ్లలో మధ్యది 90 డిగ్రీల దగ్గరికొస్తే లెక్క తికమక పడుతుంది. లోపల క్వాటర్నియన్లు (తిప్పుడును నాలుగు అంకెల్లో రాసే పద్ధతి) వాడు, కోణాలు చూపించడానికి మాత్రమే ఉంచు.

లైసెన్స్ మొదటి రోజే పెట్టెయ్యి. అది లేకుండా కోడ్ అందరికీ కనిపించేలా ఉంచినా, వాడుకునే హక్కు ఇచ్చినట్టు కాదు.

ఎముకలు చేత్తో పట్టి చూడాలంటే మామునూరు వెటర్నరీ కాలేజీకి పోదాం, ముందు మీ సార్‌తో లెటర్ రాయించు. బతికున్న పశువుకు గుర్తులు అంటించే ఆలోచన ఉంటే నైతిక కమిటీ అనుమతికి ఇప్పుడే అర్జీ పెట్టు, దానికి టైం పడుతుంది.

మీ పెద్దబాపు