వేల లోరావాన్ వాటర్ మీటర్లకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ త్వరగా పంపడం ఎలా?

లోరావాన్ (తక్కువ కరెంటుతో దూరానికి కొద్ది డేటా పంపే రేడియో నెట్‌వర్క్) మీద ఫర్మ్‌వేర్‌ను, అంటే మీటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను, ఒక్కో మీటర్‌కు విడివిడిగా పంపుతుంటే వారాలు గడిచిపోతున్నాయని, బ్యాటరీలు కూడా దిగిపోతున్నాయని రాశారు. నేను వీధి దీపాల కంట్రోలర్ల మీద ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను: మల్టీకాస్ట్‌కు, అంటే ఒకే ప్రసారాన్ని మీటర్లన్నీ వినే పద్ధతికి, మారండి.

ఫర్మ్‌వేర్ 100 కేబీ, ముక్కకు 50 బైట్లు అనుకుంటే 2,000 ముక్కలు. వెయ్యి మీటర్లకు విడిగా పంపితే 20 లక్షల ప్యాకెట్లు. మల్టీకాస్ట్‌లో ఆ 2,000 ప్యాకెట్లనే అన్నీ ఒకేసారి వింటాయి. పైగా చాలా గేట్‌వేలు (మీటర్లతో రేడియోలో మాట్లాడే బేస్ స్టేషన్లు) పంపుతున్నంతసేపూ ఏమీ వినలేవు, ఆ సమయంలో వచ్చే రీడింగులు పోతాయి, కాబట్టి ఎంత తక్కువ పంపితే అంత మంచిది.

అసలు టెన్షన్ పోయిన ముక్కలతోనే. ఏ మీటర్‌కు ఏది అందలేదో అడిగి మళ్లీ పంపుదామని అనిపిస్తుంది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. ఒక్కోదానికి ఒక్కో ముక్క పోతుంది. అన్ని జాబితాలూ కలిపితే దాదాపు ఫైలంతా మళ్లీ పంపాల్సి వస్తుంది. బదులుగా కొన్ని ముక్కలను ఎక్స్‌ఓఆర్ చేసి (బిట్లవారీగా కలిపి; వాటిలో ఒకటి తప్ప మిగతావి చేతిలో ఉంటే ఆ ఒకటి తిరిగి వస్తుంది) అదనపు ప్యాకెట్లు పంపండి. ఒక మీటర్‌కు 12వ ముక్క, ఇంకోదానికి 40వది పోయాయనుకోండి. ఆ రెండూ కలిపిన ఒకే ప్యాకెట్‌తో మొదటిది 12ను, రెండోది 40ను రాబట్టుకుంటాయి. నిజంలో ఒక్కో ప్యాకెట్‌లో చాలా ముక్కలు కలుస్తాయి, ఎవరికి ఏం పోయిందో సర్వర్‌కు తెలియాల్సిన పనే లేదు. ఇంత అందమైన పద్ధతి నేను ఈ రంగంలో ఇంకోటి చూడలేదు. లోరావాన్ ప్రమాణాలు రూపొందించే లోరా అలయన్స్ వారి ఫ్రాగ్మెంటేషన్ (ఫైలును ముక్కలుగా పంపే) స్పెసిఫికేషన్‌లోనే ఇది ఉంది, సొంతంగా కనిపెట్టక్కర్లేదు.

వీధి దీపాలకు కరెంటు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ వింటూ ఉండొచ్చు. మీ మీటర్లకు ఆ సౌకర్యం లేదు. ముందు గడియారాలు సరిచేసి, చెప్పిన టైముకు మాత్రమే క్లాస్ సీకి (ఆపకుండా వినే మోడ్‌కు) మారేలా సెషన్ పెట్టండి. ఎస్ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్) పెరిగితే సిగ్నల్ దూరం వెళ్తుంది కానీ వేగం తగ్గుతుంది: ఎస్ఎఫ్12లో ఇంత చిన్న ప్యాకెట్‌కే రెండు సెకన్ల పైన పడుతుంది, ఎస్ఎఫ్7లో దాదాపు సెకనులో పదో వంతు చాలు. అందుకే సిగ్నల్‌ను బట్టి గ్రూపులు చేయండి. మార్పు చిన్నదైతే పూర్తి ఫైలు కాకుండా డెల్టా (మారిన భాగం మాత్రమే) పంపండి. ఫర్మ్‌వేర్ డిజిటల్ సంతకం సరిచూశాకే కొత్తది నడవాలి, పాత వెర్షన్ మెమరీలోని రెండో స్లాట్‌లో ఉండాలి.

మొదటి విడతకు గేట్‌వే పక్కనున్న మీటర్లను కాకుండా సెల్లార్లలో, ఊరి అంచుల్లో ఉన్నవాటిని ఎంచుకోండి. అదనపు ప్యాకెట్లు ఎన్ని కావాలో తేలేది వాటి దగ్గరే. చివరికి మిగిలిన కొద్దివాటికి విడిగా పంపితే సరిపోతుంది.