90 రోజులు దాటితే బెయిల్ దానంతటదే వస్తుందా?

ప్రశ్న: ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో మా తమ్ముడు జైలుకెళ్లి 84 రోజులైంది. ఇంట్లో దొరికినవి పాత కరపత్రాలు, ఒక ఫోను. 90 రోజులు దాటితే బెయిల్ దానంతటదే వస్తుందంటున్నారు. నిజమేనా సార్?
– ఒక అక్క, హనుమకొండ

జవాబు: 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ మీ హక్కు. కానీ దానంతటదే రాదమ్మా, అడగాలి. ఉపా కిందే పెట్టిన భీమా కోరేగావ్ కేసే చూడండి. చార్జిషీటు గడువు పెంచిన పుణె సెషన్స్ కోర్టుకు ఆ అధికారమే లేదని 2021 డిసెంబరులో బొంబాయి హైకోర్టు తేల్చి, సుధా భరద్వాజ్ గారికి బెయిల్ ఇచ్చింది. అదే కేసులో ఉన్న మన వరవరరావు గారితో సహా ఎనిమిది మందికి ఇవ్వలేదు. సరైన సమయంలో పిటిషన్ వేయలేదట!

లెక్క అరెస్టు నుంచి కాదు, మొదటి రిమాండ్ నుంచి. ఆ రోజునూ కలుపుకోవాలి. టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) కాలంలో నేను జూనియర్‌ని. మా సీనియర్ గారు డైరీలో ప్రతి ముద్దాయి పేరు పక్కన రిమాండ్ తేదీని ఎర్ర ఇంకుతో రాసేవారు. 1995లో టాడా పోయింది, దాని తర్వాత వచ్చిన పోటా 2004లో పోయింది, నాకు ఎర్ర ఇంకు అలవాటు పోలేదు. పోయే అవకాశమూ లేదు లెండి. 2008 సవరణతో ఆ పొడుగు గడువులు, బెయిల్‌కు అడ్డుగోడ ఉపాలోకి వచ్చి చేరాయి. టాడా, పోటాలకైనా ఎప్పటికప్పుడు చట్టం గడువు తీరే తేదీ ఉండేది, ఉపాకు అదీ లేదు.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ రిపోర్టు ఇస్తే కోర్టు గడువును 180 రోజుల దాకా పెంచొచ్చు. ఆ పిటిషన్ ఈ వారమే పడొచ్చు, మీ లాయరు గారిని కోర్టులో కనిపెట్టుకుని ఉండమనండి. గడువు పెంచే రోజున తమ్ముడిని, వీడియోలోనైనా సరే, జడ్జి ముందు హాజరుపరచాలి.

చార్జిషీటు పడ్డాక కష్టం. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వొద్దంటుంది చట్టం. కరపత్రాల గురించి మాత్రం బెంగపడకండి. మావోయిస్టు సాహిత్యం దొరికిన కేరళ కుర్రాడు త్వాహా ఫసల్‌కు 2021లో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. కేరళకే చెందిన నజీబ్ అనే అతని ఉపా కేసులోనూ ఇచ్చారు, కానీ అప్పటికే అతను ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులు మిగిలే ఉన్నారు.

రిమాండ్ ఆర్డర్ కాపీకి రేపే దరఖాస్తు పెట్టండి. బెయిల్ పిటిషన్ టైపు చేయించి ఉంచుకోండి. గడువు పెంచకపోతే 91వ రోజు పొద్దున్నే, జడ్జి గారు బెంచి ఎక్కకముందే ఫైలింగ్ దగ్గర ఉండండి. మధ్యాహ్నం వేద్దామనుకునేలోపు చార్జిషీటు వచ్చి పడితే ఆ హక్కు పోయినట్టే.