చలి ఊళ్లో చుక్కకూర పప్పు కావాలంటే

చిట్టీ,

గోంగూర మొక్క మోకాలెత్తు రాకముందే చలి పట్టేస్తోందని ఫోన్లో ఒకటే గొడవ. దానికి వేడి కావాలి తల్లీ, అక్కడ దాన్ని బతిమాలడం మానేసి సారెల్ వెయ్యి. అది మన చుక్కకూరకి దగ్గర చుట్టమే, రెండూ రూమెక్స్ జాతే, పులుపూ అదే. చుక్కకూర ఒక్క కారుతో అయిపోతుంది. సారెల్ అయితే యూరప్ పచ్చిక బయళ్ల మొక్క కాబట్టి మంచుకి ఆకంతా పోయినా వేరు బతికే ఉండి, నేల కరగ్గానే అన్నిటికన్నా ముందు చిగురేస్తుంది.

ప్యాకెట్ మీద గార్డెన్ సారెల్ అనో కామన్ సారెల్ అనో ఉన్నది కొను. షీప్ సారెల్ వద్దు, దాని వేళ్లు పాకి పెరడంతా కలుపవుతుంది. విత్తనాలు పైపైన చల్లి, సన్నగా మట్టి కప్పి, తడి ఆరకుండా చూసుకో. మొలిచాక మొక్కకీ మొక్కకీ 30 సెంటీమీటర్లు ఎడం ఉంచి మిగతావి పీకెయ్, పీకినవీ పప్పులోకే. మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు చూడు, ఎండ ముదిరితే ఆకు చేదెక్కుతుంది.

కోసేటప్పుడు బయటి ఆకులే కొయ్యి, నడిమి చిగురు ముట్టుకోకు. ఎండాకాలం మొదట్లో గుబురు మధ్యలోంచి పూలకాడ లేస్తుంది, ఎర్రెర్రగా ముచ్చటగా ఉందని వదిలేశావో, ఆకు గిడసబారిపోతుంది, అందుకని కనబడగానే మొదలంటా తుంచెయ్. మూడు నాలుగేళ్లకోసారి వసంతంలో దుబ్బు తవ్వి, పారతో ముక్కలు చేసి నాటుకుంటే చాలు, మళ్లీ విత్తనం కొనక్కర్లేదు.

వంటకొస్తే, కందిపప్పు ముందు మెత్తగా ఉడికించాకే ఆకు వెయ్యి. పులుపు తగిలితే పప్పు ఉడకదని నీకు తెలుసు కదా. ఆకు క్షణాల్లో కరిగి బురద రంగుకి తిరుగుతుంది, టెన్షన్ పడకు, దాని తీరే అంత. ఇనప మూకుడు మాత్రం వాడకు, స్టీలు గిన్నె తియ్యి. ఆకు ఎక్కువొస్తే కొంచెం నూనెలో మగ్గించి ఫ్రీజర్లో పెట్టుకో.

మీ ఆయనకి కిడ్నీలో రాళ్లన్నావుగా, ఇందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. ఆయన వరకు వేరే గిన్నెలో నిమ్మకాయ పప్పు చేసిపెట్టు, పాపం చూస్తూ కూర్చోబెట్టకు.

మీ పెద్దమ్మ