హైదరాబాద్‌లో లామకాన్ ఎలా మొదలైంది, దాని వల్ల ఊరికి ఏం ఒరిగింది?

బంజారాహిల్స్‌లో ఉన్న సాంస్కృతిక వేదిక లామకాన్ నిజానికి ఒక ఇల్లు. ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీలు తీసిన మొయిద్ హసన్ అక్కడ ఉండేవారు. ఆయన పోయాక కుటుంబసభ్యులు, స్నేహితులు కలిసి దాన్ని 2010లో అందరికీ తెరిచారు. బంజారాహిల్స్‌లో స్థలం విలువ తెలిసినవాళ్లకు అదెంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో వేదికలకు కొరత లేదు. ఠాగూర్ శతజయంతికి కట్టిన రవీంద్రభారతి 1961 నుంచీ ఉంది. కానీ నలుగురు కుర్రాళ్లు కొత్త నాటకం వేద్దామనుకుంటే అంత పెద్ద హాలు ఎలా నింపుతారు, అద్దె ఎక్కడి నుంచి తెస్తారు? లామకాన్ తీర్చిన అవసరం ఇదే. ఆరుబయట చిన్న వేదిక, పక్కనే రాతిబండ, ఎదురుగా కూర్చున్న జనం. నాటకం, ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం), సంగీతం, సినిమా ప్రదర్శన, పుస్తక చర్చ, ఒక్కోసారి గట్టి రాజకీయ వాదన కూడా. చాలావాటికి టికెట్ ఉండదు, ఉన్నా తక్కువే.

క్యాంటీన్‌ను చిన్నచూపు చూడొద్దు. చవకగా దొరికే చాయ్, సమోసా దగ్గర తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఒకే బల్ల చుట్టూ చేరతారు. నా దృష్టిలో వేదిక ఎంత ముఖ్యమో ఆ బల్లా అంతే.